అన్ని గళ్ళలోనూ 'లేదు'

పోయినవారం కిరణ్మయిని మనం పిల్లల క్లినిక్‌లో, డాక్టరు గది బయట బెంచీ మీద వదిలిపెట్టాం. కాళ్ళ దగ్గర నేలమీద కొడుకు లోహిత్ బొమ్మకారును తిరగేసి చక్రాలు తిప్పుతున్నాడు. వాడికి రెండేళ్ళ నాలుగు నెలలు. ఇంకా "అమ్మా" అనలేదు. పిలిస్తే పలకడు. ఏడాదిగా ఆ సంగతి ఎత్తినప్పుడల్లా అత్తగారు సుబ్బలక్ష్మి, మా ఆదర్శ్‌కి కూడా మూడేళ్ళు దాటాకగానీ మాట రాలేదని కొట్టిపారేసేది. భర్త ఆదర్శ్, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసీ చేసీ ఇంట్లో కూడా తప్పులే వెతుకుతున్నావని నవ్వేవాడు. చివరికి ఎవరినీ అడక్కుండా తనే అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆదర్శ్ కారులో దింపడానికైతే వచ్చాడు గానీ, ఫోన్ మోగిందని సెల్లార్లోనే ఉండిపోయాడు.

నర్సు తలుపు తీసి లోహిత్ పేరు పిలిచింది. వాడు తలెత్తలేదు. మళ్ళీ పిలిచింది. తల్లే లేచి వాణ్ణి ఎత్తుకుంది.

డాక్టర్ బాలాత్రిపురసుందరి ఆ క్లినిక్‌కి కొత్త. పిల్లల ఎదుగుదలలో తేడాలుంటే చూసే మనిషి, శనివారాలు మాత్రమే వస్తుంది. యాభై అయిదు దాటి ఉంటాయి. పిల్లవాణ్ణి బల్ల ఎక్కించకుండా నేలమీదే వదలమంది. వాడు మళ్ళీ చక్రాల్లో పడిపోతే కాసేపు అలాగే చూసి, "చెప్పమ్మా, వాడి గురించి నీకేమనిపిస్తోంది?" అంది.

కిరణ్మయి జవాబు సిద్ధం చేసుకుని వచ్చిందే గానీ, ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని అనుకోలేదు. ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టింది. పోయిన మార్చి పన్నెండు, కుక్కర్ కూతపెట్టినా అటు చూడలేదు. ఏప్రిల్ రెండు, వెనకనుంచి పిలిస్తే తిరగలేదు, ఎదురుగా వచ్చి చెయ్యి ఊపితే నవ్వాడు. జూన్ ఇరవై, మేడమీద ఉండగా విమానం వెళ్తుంటే పక్కింటి పిల్ల వేలెత్తి చూపించింది, వీడు ఆకాశం వైపు కాదు, ఆ పిల్ల వేలి వైపు చూశాడు. అలాంటివి మొత్తం నలభై మూడు. ఆఫీసులో లోపం కనబడితే ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తే బయటపడిందో రాసిపెట్టకపోతే ఎవరూ ఒప్పుకోరు. ఆ అలవాటు కొద్దీ రాసుకున్నవే అవి.

డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక కంప్యూటర్ వైపు తిరిగి ఏదో తెరిచింది. ఆవిడ కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"ఇంత బాగా చూసుకున్నావు కదా, మరి ఫారంలో ఒక్కటీ ఎందుకు రాయలేదు?"

"ఏ ఫారమండీ?"

డాక్టరమ్మ తెరను కిరణ్మయి వైపు తిప్పింది.

టీకాకి వచ్చే ముందురోజు తల్లిదండ్రుల ఫోన్‌కి ఒక లింకు వస్తుందట. అందులో పది ప్రశ్నలు. మీ బిడ్డ ఎలా వింటున్నాడు, ఎలా మాట్లాడుతున్నాడు, చెప్పింది అర్థం చేసుకుంటున్నాడా, చేతులు, కాళ్ళు, ఆటలు, నలుగురితో కలవడం, ఒక్కోదాని గురించీ మీకు ఆందోళన ఉందా అని అడుగుతుంది. ఉంది, కొంచెం, లేదు, మూడిట్లో ఒకటి నొక్కాలి. పన్నెండో నెలలో ఒకటి, పద్ధెనిమిదో నెలలో ఒకటి, రెండేళ్ళకి ఒకటి. మూడు ఫారాలూ తెరమీద ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ముప్ఫై గళ్ళు. ముప్ఫై గళ్ళలోనూ 'లేదు'. కింద పచ్చటి టిక్కు, పంపినవారు తండ్రి అని.

కిరణ్మయి కళ్ళు ముందు టైము మీదికి వెళ్ళాయి, అదీ అలవాటే. మొదటి ఫారం తెరిచింది పదకొండూ రెండుకి, పంపింది పదకొండూ రెండుకి. రెండోది పదీ నలభైకి తెరిచి పదీ నలభైకే పంపారు. ఆ టైములో ఆదర్శ్ ఆఫీసులో టీమంతటినీ నిలబెట్టి ఎవరి పని ఎంతవరకొచ్చిందో అడుగుతూ ఉంటాడు. మూడోదానికి మాత్రం ముప్ఫై ఎనిమిది నిమిషాలు పట్టింది. జవాబులు మాత్రం అవే.

పద్ధెనిమిదో నెల టీకా రోజు ఆమెకి గుర్తుంది. అప్పటి డాక్టరుతో పిలిస్తే తిరగడం లేదండీ అని చెప్పింది. ఆయన ఇదే తెర వైపు ఒకసారి చూసి, అంతా బాగానే ఉంది కదమ్మా, ఇంటర్నెట్ చదవడం తగ్గించు అన్నాడు. నాలుగు నిమిషాల్లో సూదిమందు వేసి పంపేశాడు. ఆయన ఏం చూసి అలా అన్నాడో ఇప్పుడు తెలిసింది. తెరని నమ్మాడు, ఎదురుగా బిడ్డనెత్తుకుని కూర్చున్న తల్లిని నమ్మలేదు.

"బరువుకి త్రాసుంది, పొడుగుకి టేపుంది" అంది డాక్టరమ్మ. "వీడు రోజంతా ఇంట్లో ఎలా ఉంటాడో కొలవడానికి నా దగ్గర ఏమీ లేదు. పది నిమిషాలే చూస్తాను కదా. అందుకే మిమ్మల్ని అడిగేది. అమ్మ భయపడుతోందంటే చాలాసార్లు అక్కడ చూడాల్సింది ఏదో ఉంటుంది. లేకపోతే మంచిదే, లేదని తేల్చుకుంటాం. అడిగిన ప్రశ్నకి జవాబే తప్పొస్తే మేం ఇంకెక్కడ వెతకాలి?"

అప్పుడు తలుపు తోసుకుని ఆదర్శ్ వచ్చాడు. సారీ డాక్టర్ అంటూ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఏమైందని నవ్వుతూనే అడిగాడు.

కిరణ్మయి గొంతు పెంచలేదు. "ఆరో ప్రశ్న ఏంటి ఆదర్శ్?"

"ఏ ఆరో ప్రశ్న?"

"మూడుసార్లు జవాబు చెప్పావు. ఏమడిగారో చెప్పు."

అతను తెర చూశాడు. నవ్వు పోయింది. వాట్సాప్‌లో వచ్చే వాటిలో అదీ ఒకటనుకున్నానని, నింపకపోతే అపాయింట్‌మెంట్ ఖాయం కాదన్నారని, ఏదో చెప్పబోయాడు. డాక్టరమ్మ అడ్డొచ్చి, మీ గొడవ ఇంటికెళ్ళి పడండి, నాకు టైము వీడికోసం కావాలి అంది. వాడి వెనక్కి వెళ్ళి చిన్న గంట మోగించింది. తర్వాత గట్టిగా చప్పట్లు కొట్టింది. చక్రం తిరుగుతూనే ఉంది.

చెవులే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, ఇప్పుడే పేరు పెట్టనంది. ముందు వినికిడి తేలాలి. సోమవారం తొమ్మిదింటికి పిల్లవాణ్ణి నిద్రపుచ్చి పరీక్ష చేస్తారు. వినపడక మాట రాలేదనే తేలితే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, పోయిన ఏడాది గురించి మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు అంది. ఆ చివరి మాట భార్యాభర్తలిద్దరూ విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేసే ఉంటారు, ఆ కాగితం ఉంటే వెతికి తెమ్మంది డాక్టరమ్మ.

బయటికొచ్చి కిరణ్మయి కౌంటర్ దగ్గర ఆగింది. రికార్డులో తండ్రి నంబరు తీసేసి తన నంబరు పెట్టమంది. ఫస్ట్ నంబర్ ఎప్పుడూ ఫాదర్‌దే ఉంటుంది మేడం అంది కౌంటర్ పిల్ల. ఉంటుంది, అందుకే మార్చమంటున్నాను అంది కిరణ్మయి. అక్కడే నిలబడి కొత్త ఫారం తెప్పించుకుని, ఒక్కో ప్రశ్నా చదివి నింపింది. చివర్న ఇంకేమైనా చెప్పాలా అని ఒక గడి ఉంది. ఇక అక్షరాలు పట్టవని ఫోన్ చెప్పేదాకా రాసింది. ఆదర్శ్ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆ కాసేపూ గోడవారగా నిలబడ్డాడు.

పుప్పాలగూడ ఫ్లాట్ చేరేసరికి పన్నెండున్నర. సుబ్బలక్ష్మి కంచాలు పెడుతోంది. ఏమన్నారని అడిగి, జవాబు కోసం ఆగకుండానే, ఏమంటారులే, నాలుగు టెస్టులు రాసుంటారు అంది. మామగారు రామబ్రహ్మం పేపర్ మడిచి పక్కన పెట్టాడు. ఆయన కాకినాడలో పంచాయతీరాజ్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఇంట్లో మాట అంతా భార్యకి వదిలేసి చాలాకాలమైంది.

కిరణ్మయి చెప్పింది. సోమవారం పరీక్ష సంగతీ, మూడు ఫారాల సంగతీ.

సుబ్బలక్ష్మి గరిట పట్టుకునే నిలబడిపోయింది. పసివాడి పేరుమీద ఇలాంటివి కాగితాలకి ఎక్కిస్తే రేపు స్కూల్లో సీటు ఎలా వస్తుందని మొదలుపెట్టింది. ఆదర్శ్ మంచిపనే చేశాడంది. మగపిల్లలకి మాట ఆలస్యమేనంది. "మా వాడికి మూడేళ్ళు దాటాకేగా మాట వచ్చింది. ఏం, ఇప్పుడేం తక్కువయ్యాడు?"

"పదహారో నెలకే" అన్నాడు రామబ్రహ్మం.

అందరూ అటు చూశారు.

"పదహారో నెలకే పాలవాణ్ణి పేరుపెట్టి పిలిచాడు వీడు. సూర్యారావుపేట ఇంట్లో. ఆ పాలవాడే వచ్చి నాతో చెప్పి మురిసిపోయాడు. మూడేళ్ళు అంటావేమిటి సుబ్బులూ? నువ్వు అంటున్నప్పుడల్లా అడ్డుచెప్పడం ఎందుకని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది."

సుబ్బలక్ష్మి మొహం ఎర్రబడింది. కోడలి మనసు కుదుటపడుతుందని అలా అన్నానంది. అబద్ధమాడితే మాత్రం మంచికేగా ఆడింది అంది. ఏడాదిపాటు తాను పట్టుకుని వేలాడింది ఆ మాటనేనని కిరణ్మయికి గుర్తొచ్చింది. రాత్రుళ్ళు నిద్రపట్టనప్పుడు ఆదర్శ్‌కీ అంతేగా అనుకుని కళ్ళు మూసుకునేది. ఆ ఆధారం ఇప్పుడు చేతిలోంచి ఊడిపోయింది.

"నా మనసు కుదుటపడటానికి వాడి ఏడాది ఖర్చుపెట్టారు అత్తయ్యగారూ" అంది.

వంటింటి గుమ్మంలో భూలక్ష్మి నిలబడి ఉంది. గోపన్‌పల్లి నుంచి వస్తుంది, కిరణ్మయి ఆఫీసుకెళ్తే లోహిత్‌ని చూసుకునేది ఆమే. కాసేపు పమిట కొంగు నలిపి, ఇక ఉండబట్టలేక మాట్లాడింది.

"మేడం, నేనొకటి చెప్తా. పిలిస్తే బాబు సూడడు. కాలుతోని నేల మీద గట్టిగ కొడ్తే తిరిగి సూస్తడు. నాలుగు నెలలసంది నేను గట్లనే పిలుస్తున్న."

"నాకెందుకు చెప్పలేదు భూలక్ష్మీ?"

"పెద్దమ్మ చెప్పొద్దన్నది. ఆఫీసుకు పోయెటోళ్ళు పరేషాన్ అయితరు, నీకెందుకే అన్నది. ఇగ నన్ను అడిగినోళ్ళెవరు మేడం?"

భూలక్ష్మి నాలుగడుగులు ముందుకొచ్చి, సోఫా పక్కన వీపు తిప్పి కూర్చున్న లోహిత్ వెనక మడమతో నేలను దబ్బున కొట్టింది. వాడు వెంటనే తిరిగి ఆమెను చూసి చేతులు చాపాడు.

పొద్దున డాక్టరమ్మ ఆ ఫారాలు చూపించినప్పుడు కూడా కిరణ్మయికి ఇంత కోపం రాలేదు. ఈ ఇంట్లో ఒకావిడ బిడ్డను పిలిచే దారి తనకు తానే కనుక్కుంది. ఇంకొకావిడ ఆమె నోరు నొక్కింది. ఒకాయనకి అంతా గుర్తుంది, నోరు విప్పలేదు. ఇంకొకడు ముప్ఫై గళ్ళు నొక్కాడు. అందరూ తనను కాపాడుతున్నామనే అనుకున్నారు. వాణ్ణెవరు కాపాడారు?

"ఆదర్శ్" అంది. అత్తమామల ముందు ఎప్పుడూ ఏవండీ అనే మనిషి. సుబ్బలక్ష్మి చురుక్కున తలెత్తింది. కిరణ్మయి పట్టించుకోలేదు. "మొదటి రెండూ చదవలేదు, సరే. మూడోదానికి ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఎందుకు పట్టింది?"

అతను అన్నంలో వేలు తిప్పుతున్నాడు. మీటింగ్ ఏదో ఉందనబోయి ఆగిపోయాడు. అమ్మ ముందూ నాన్న ముందూ చెప్పలేననుకున్నాడేమో, లేచి బాల్కనీ వైపు నడవబోతే కిరణ్మయి అడ్డంగా నిలబడింది. ఇక్కడే చెప్పమంది.

చెప్పాడు. దీపావళి రోజు సెల్లార్ బయట ఎవరో వెయ్యిటపాకాయల సరం అంటించారు. పిల్లలందరూ ఏడుస్తూ చెవులు మూసుకున్నారు. లోహిత్ ఒక్కడే అతని చంకలో నవ్వుతూ వెలుగు చూస్తున్నాడు. ఎంత ధైర్యవంతుడండీ మీవాడు అని అపార్ట్‌మెంట్ వాళ్ళు మెచ్చుకున్నారు. అతనూ నవ్వాడు. ఇంటికొచ్చాక పిల్లవాడి వెనక నిలబడి స్టీలు పళ్ళెం కింద పడేశాడు. వాడు తిరగలేదు. పది రోజులకి ఫారం వచ్చింది. మొదటి ప్రశ్నే వినికిడి గురించి.

"'ఉంది' నొక్కాను. పంపలేకపోయాను. తీసేశాను. మళ్ళీ నొక్కాను." "మా ఆఫీసు రిపోర్టుల్లో ఒక్క గడి ఎర్రగా పెడితే చాలు కిరణ్, పైనుంచి కిందిదాకా అందరూ వచ్చి ఎందుకు ఎందుకు అని అడుగుతారు. అన్నీ పచ్చగా ఉంటే ఎవరూ అడగరు. పచ్చగా పెట్టేస్తే ఇంకో నెలలో వాడే సర్దుకుంటాడనుకున్నాను."

"వాడు నీ ప్రాజెక్టా?"

"కాదు."

"తెలిసి కూడా నన్ను వెక్కిరించావు. తప్పులు వెతుకుతున్నానన్నావు. నాకు పిచ్చెక్కిందేమో అని నేనే అనుకునేదాకా తీసుకొచ్చావు. నీకు భయమేసింది, ఒప్పుకుంటాను. నాకూ వేసింది. నేను రాసుకున్నాను. నువ్వు చెరిపేశావు."

అతను తల దించుకున్నాడు. సోమవారం తొమ్మిదింటికి క్లయింట్‌తో మీటింగ్ ఉంది, రద్దు చేస్తానన్నాడు. నీ ఇష్టం, నువ్వొచ్చినా రాకపోయినా ఆ గదిలో మాట్లాడేది నేనే అంది కిరణ్మయి. ఎవరూ అన్నం తినలేదు. భూలక్ష్మి పిల్లవాడికి కలిపిన పెరుగన్నం ఒక్కటే ఖాళీ అయింది.

పురుటి కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద ఉంటాయి. కిరణ్మయి గదిలోకి వెళ్ళి ఫైలు తీసి మంచం మీద కుమ్మరించింది. లోహిత్ పుట్టింది కాకినాడలో, ఆమె పుట్టింటి దగ్గర నర్సింగ్ హోంలో. మొదటి కాన్పు పుట్టింట్లోనే కావాలని రెండువైపులా పట్టుబట్టారు. ఆపరేషన్ తర్వాత వారంపాటు జ్వరం. ఆ వారంలో బిడ్డ స్నానాలూ, మందులూ, సంతకాలూ అన్నీ తల్లి వీరలక్ష్మే చూసుకుంది. ఆదర్శ్ ఒక్కరోజు వచ్చి, బిడ్డను చూసి, రాత్రి బస్సుకే వెళ్ళిపోయాడు.

రక్తపరీక్షలు, మందుల చీటీలు, టీకాల కార్డు. ఆ కార్డుకి వేసిన ప్లాస్టిక్ కవరు లోపల ఇంకేదో మడత పెట్టి ఉంది. వేలితో లాగింది. అరచెయ్యంత కాగితం.

నవజాత శిశువు వినికిడి పరీక్ష. కుడి చెవి, స్పందన లేదు. ఎడమ చెవి, స్పందన లేదు. ఆరు వారాల్లోపు తప్పనిసరిగా మళ్ళీ పరీక్ష చేయించవలెను. ఈ విషయం మాకు వివరించారు. కింద తెలుగులో, గుండ్రంగా, ఒత్తి ఒత్తి పెట్టిన సంతకం. చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డుల మీద ప్రతి నెలా చూసిన సంతకం.

వీరలక్ష్మి.

గది బయట అడుగులు వినపడ్డాయి. కిరణ్మయి గుప్పిట మూసుకుంది. ఎందుకు మూసుకుందో ఆమెకే తెలియలేదు. ఇప్పటిదాకా వాళ్ళందరినీ నిలబెట్టి కడిగేసింది. ఈ కాగితం చూపిస్తే అత్తగారి మొహంలో వచ్చే వెలుగు ఆమెకి ఇక్కణ్ణుంచే కనబడుతోంది. దొరకలేదని చెప్పేయొచ్చు. సోమవారం ఎలాగూ పరీక్ష చేస్తారు, ఈ కాగితం లేకపోయినా జరుగుతుంది.

ఆదర్శ్ గుమ్మంలో ఆగి దొరికిందా అని అడిగాడు. వెనకే సుబ్బలక్ష్మి.

ముప్ఫై ఎనిమిది నిమిషాలంటే ఏమిటో అప్పుడు ఆమెకి కొంచెం తెలిసింది. అతని మీద కోపం మాత్రం ఏమీ తగ్గలేదు. గుప్పిట తెరిచి, కాగితం మడత విప్పి, మంచం మీద అందరికీ కనబడేలా పరిచింది. ఆదర్శ్ చదివాడు. సుబ్బలక్ష్మి అతని భుజం మీదుగా వంగి చదివి, నోరు తెరవబోయింది.

"ఆగండి అత్తయ్యగారూ. ముందు నేనడుగుతాను."

తల్లి నంబరు నొక్కి స్పీకర్ పెట్టి ఫోన్ ఆ కాగితం పక్కనే ఉంచింది. రెండో రింగుకే వీరలక్ష్మి ఎత్తింది. భోంచేశారా, లోహి ఏం చేస్తున్నాడని మామూలుగానే అడిగింది.

"అమ్మా, పురుటి ఫైల్లో చీటీ దొరికింది. చెవుల పరీక్షది. నీ సంతకం ఉంది."

అవతల టీవీ మోగుతోంది. ఎవరో దాన్ని కట్టేశారు. తర్వాత తల్లి గొంతు, చాలా చిన్నగా, కూతురితో కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు వినిపించింది.

"అది ఇంకా ఉందా? మీ నాన్నగారు ఆ రోజే చింపేశానన్నారే."